మొదటి నంబరు

కొరీన్ చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. గని ఆఫీసు గుమాస్తా తలుపు సగం తీసి, "కొరీన్, నీకు ఫోను. బడి నుంచి," అన్నాడు.

పరీక్షాధికారి కళ్లజోడు మీదుగా చూశాడు.

భూమికి ఎనిమిది వందల మీటర్ల కిందికి మనుషుల్ని దించే లిఫ్టు అది. దాన్ని నడిపే లైసెన్సుకు పరీక్ష ఏడాదికి ఒక్కసారే పెడతారు. ఆ నికెల్ గనిలో పదకొండేళ్లుగా రాయి మోసే లారీలు నడిపింది కొరీన్. ఈసారి పరీక్షకు కూర్చున్నవాళ్లలో ఆడమనిషి ఆమె ఒక్కతే. రాతపరీక్షలో అందరికన్నా ఎక్కువ మార్కులు ఆమెవే. మిగిలింది ఇదే, మూడు గంటలపాటు నడిపి చూపించడం.

"రెండు నిమిషాలు," అన్నాడు అధికారి.

ఫోనులో బడి ఆఫీసు చూసుకునే మిసెస్ పెల్కీ. "టెస్సాకి వాంతులమ్మా. ఒళ్లు కాలిపోతోంది. వచ్చి తీసుకెళ్లాలి."

"వాళ్ల నాన్నకి చెప్పండి. ఫారంలో మొదటి నంబరు ఆయనదే రాశాను. కింద గీత కూడా గీశాను."

"గారెత్ గారు పనిలో ఉన్నారు కదమ్మా."

"నేనేం ఇక్కడ గోళ్లు గిల్లుకుంటున్నానా? నాకు గంటంబావు దారి. పైగా మంచు."

"ఆయన చేతికింద ఇరవై ఎనిమిది మంది. మధ్యలో వదిలేసి ఎలా కదుల్తారు చెప్పండి? ఆయన లేకపోతే అక్కడ గోలగోల అయిపోతుంది."

"కాసేపు ఇంకెవరైనా చూసుకోలేరా?"

"మేం ఎప్పుడూ తల్లులకే చేస్తామమ్మా. తల్లి ఉండగా ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు?"

కొరీన్ రోజుకు నూటపది మందిని దించి, నూటపది మందినీ ప్రాణాలతో పైకి తేవలసిన కుర్చీ కోసం వచ్చింది. ఆ లెక్క ఎవరూ అడగలేదు.

గారెత్‌కు ఫోను చేసింది. పనివేళల్లో ఎప్పటిలాగే అతని సెల్లు కట్టేసి ఉంది. 'పాపకి బాగాలేదు. నువ్వే తీసుకెళ్లు' అని సందేశం పంపి వచ్చి మళ్లీ కూర్చుంది.

గోడకు ఆనుకుని నిలబడ్డ సూపర్‌వైజరు లైల్ నవ్వాడు. "నేను ముందే అన్నానా లేదా? పిల్లల తల్లికి ఈ కుర్చీ కుదరదు."

"నీకు ముగ్గురు పిల్లలు కదా లైల్. బడి నుంచి నీకు ఎన్నిసార్లు ఫోను వచ్చింది?"

"నాకా? నా నంబరు వాళ్ల దగ్గరుంటే కదా!"

వరసలో కూర్చున్న మగవాళ్లందరూ పగలబడి నవ్వారు. కొరీన్ పళ్లు బిగించి మీట పట్టుకుంది. లిఫ్టును మూడో అంతస్తు దగ్గర గీత మీద గీత పెట్టినట్టు ఆపింది. అధికారి తల ఊపాడు.

ఇరవై నిమిషాలకు గుమాస్తా మళ్లీ వచ్చాడు. ఈసారి ఫోనులో టెస్సా.

"అమ్మా... స్వెట్టరంతా పాడయింది. ఎప్పుడొస్తావ్?"

"నాన్న రాలేదా తల్లీ?"

"నాన్నని పిలవొద్దంది మిసెస్ పెల్కీ."

కొరీన్ ఫోను పెట్టేసి కోటు అందుకుంది.

"వెళ్తే ఈ ఏడాదికి అంతే," అన్నాడు అధికారి.

"తెలుసు."

అతను కాగితం మీద 'మధ్యలో వదిలేసి వెళ్లింది' అని రాశాడు. లైల్ తలుపు తెరిచి పట్టుకుని, "ఎంతైనా మంచి తల్లివి," అన్నాడు. అప్పటిదాకా పడ్డ ఎగతాళి కన్నా ఆ మెచ్చుకోలే ఎక్కువ మండింది. ఆమె కోటు గుండీలు పెట్టుకునేలోగానే తరవాతి పేరు పిలిచారు.

దారంతా మంచు. రెండుసార్లు బండి జారింది. బూట్ల నిండా మంచుతోనే బడి ఆఫీసులోకి నడిచింది. మూల మంచం మీద టెస్సా బకెట్టు పక్కన పెట్టుకుని నిద్రపోతోంది. నుదురు పెనంలా ఉంది.

"అసలు ఆయనకి చెప్పారా?" అంది కొరీన్.

"అయ్యో, మొదట చెప్పింది ఆయనకేనమ్మా! 'వాళ్లమ్మకి చెయ్యండి, వస్తుంది' అన్నారు." మిసెస్ పెల్కీ మెచ్చుకోలుగా నవ్వింది. "ఎంత నెమ్మదస్తులో! ఒక్కరోజు సెలవు పెట్టరు. అలాంటివాళ్లు ఇప్పుడెక్కడున్నారు?"

కొరీన్ ఆమె బల్ల మీదికి వంగింది. "ఇప్పుడు పిలవండి. నా ముందు పిలవండి."

"కోప్పడకండమ్మా. రెండు నిమిషాల్లో ఆయనకీ ఖాళీ అవుతుంది."

విరామం గంట మోగింది.

ఎదురుగా పది అడుగుల దూరంలో ఉన్న మూడో తరగతి గదిలోంచి గారెత్ మాస్టారు బయటికి వచ్చారు.