పేర్చిన రాళ్లు

నాగలూటి దాటాక, నల్లమల కాలిబాటలో పేర్చిన రాళ్లను కాలితో తన్నేస్తూ ఒకాయన సుప్రజ కంటబడ్డాడు.

ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే జనమంతా ముందుకు సాగిపోయారు. గోల లేకుండా ఒంటరిగా నడవాలని ఆమే కావాలని వెనకబడింది. కడపలో బ్యాంకు ఉద్యోగం. సెలవు దొరికితే కొండలే. హిమాలయాల్లో రెండుసార్లు తిరిగొచ్చాక, కొండల సంగతి తనకెవరూ చెప్పనక్కర్లేదన్న ధీమా కూడా వచ్చింది.

అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం, రాయి మీద రాయి పేర్చి ఉంటే అది దారి గుర్తు అని.

అలాంటి గుర్తును తన్నేసేవాడిని ఏమనాలి?

"ఎందుకండీ పడగొడుతున్నారు? వెనక వచ్చేవాళ్లు దారి తప్పరా?" అని నిలదీసింది.

మాసిన పంచె, భుజాన కంబళి, చేతిలో కర్ర. ముసలాయనే.

"అది దారి కాదు తల్లీ. ఇల్లు కట్టుకోవాలని జనం మొక్కుకొని పేర్చింటారు. దారి ఈపక్క ఉండాది, నాతో రా."

మొక్కుకున్న రాళ్లనైతే ఎవరూ తన్నరు కదా అనుకుంది సుప్రజ. పైగా మనిషి అలికిడి లేని అడవిలో, ముక్కూ మొహం తెలియనివాడు వెంట రమ్మంటున్నాడు.

తనకు దారి తెలుసని, ఆయన్ని వెళ్లమని చెప్పింది. ఆయన కర్ర ఊతంతో ముందుకు కదిలిపోయాడు.

కనుమరుగయ్యాక పడిపోయిన రాళ్లను ఆమె మళ్లీ పేర్చింది. నలుగురికీ మేలు చేసినట్టే అనిపించింది. ఆ వరసనే పట్టుకుని నడిచింది.

రాళ్ల కుప్పలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. దారిలో ఒరిగిపోయినవాటిని కూడా నిలబెట్టింది. చివరికి ఒక పెద్ద బండ, దాని నిండా కుప్పలే. అక్కడితో సరి. ముందుకు లోయ.

వెనక్కి తిరిగితే అన్ని వైపులకూ రాళ్లే. తను ఎటు నుంచి వచ్చిందో తెలియలేదు. ఒక వరసలో ఒరిగినవాటిని గుర్తు కోసం నిలబెడుతూ పోతే, అది ఎండిన వాగు దగ్గర ఆగిపోయింది. ఇంకో వరస తిప్పి తిప్పి బండ దగ్గరికే తెచ్చింది.

ఫోన్ పలకడం లేదు. నీళ్లు అయిపోయాయి. ధీమా అంతకు ముందే అయిపోయింది.

పొద్దు వాలుతుండగా కర్ర చప్పుడు వినిపించింది. "ఓ తల్లీ" అని పిలుపు. ఆయనే.

తనను వెంబడించాడనుకుంది. బండ వెనక నక్కింది.

ఆయన దగ్గరికి రాలేదు. బండ మీద నీళ్ల సీసా పెట్టి, దూరంగా పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

"ముందర అన్నదానం పందిరికాడ అడిగితే నువ్వు రాలేదన్నారు. నీళ్లు ఆడ పెట్టినా, తాగు. భయముంటే నా పక్కన రావద్దు తల్లీ. నేను ముందర పోతాంటా, నువ్వు దూరంగానే రా."

నీళ్లు తాగాక ఆమెకు సిగ్గేసింది. అయినా దూరంగానే నడిచింది.

ఆయన దారి పొడుగునా కుప్పలు పడగొడుతూనే ఉన్నాడు. ఇందాక తను తన్నేసిన మొదటి కుప్ప దగ్గర ఆగి, దీన్ని మళ్లీ నిలబెట్టింది నువ్వేనా అని అడిగాడు. అవునంది. వాగు వైపు కూడా కొన్ని నిలబెట్టానని చెప్పింది. ఆయన తిట్టలేదు, తల ఊపాడంతే.

చీకటి పడకముందే పెచ్చెరువు అన్నదానం పందిరి కనిపించింది. మజ్జిగ తాగి చూసేసరికి ఆయన లేడు. ఒక మంచి మాటైనా చెప్పలేకపోయానే అని సుప్రజ మనసు చివుక్కుమంది.

వడ్డిస్తున్న వెంకటలక్ష్మమ్మను ఆయన గురించి అడిగింది.

"సుంకప్పా? మా ఆదోని దిక్కాయనే. వాగు పక్క కుప్పలు లేచినాయంట, పడేసొస్తానని మళ్లా పోయినాడు."

తను మొదట ఆయన్ని పిచ్చివాడనుకున్నానని సుప్రజ ఒప్పుకుంది.

"శానామంది అనుకుంటారు. మంచి ఇల్లు కట్టినాడు, దాంట్లో ఉండడు. జనం నడిచే దినాల్లో ఈ అడివిలోనే తిరుగుతాంటాడు."

"ఎందుకు?"

వెంకటలక్ష్మమ్మ గరిటె పక్కన పెట్టింది.

"ఇల్లు కావాలని ఆ బండ దాకా మొట్టమొదట రాళ్లు పేర్చుకుంటా పోయింది ఆయనేనమ్మా. ఆయన ఇంకో పక్క నుంచి దారికొచ్చేసినాడు. ఎనకబడిన కూతురు, నాయన దారి గుర్తు పెట్టినాడనుకొని ఆ రాళ్లెంబడే పోయి, మళ్ల కనపడలేదు."