నకలు వద్దన్నవాడు

“నా తల తెరవనియ్యను,” అన్నాడు మారెప్ప.

హిందూపురం వర్క్‌షాపులో ఆదినారాయణ చేతిలోని స్క్రూడ్రైవర్ గాలిలోనే ఆగిపోయింది. బల్ల మీద కూర్చోబెట్టిన మరమనిషి అంత గట్టిగా ఎదురు చెప్పడం అతను ఎప్పుడూ వినలేదు. నాగక్క వైపు చూశాడు.

నాగక్క ఆ పొద్దున్నే మారెప్పను వెంటబెట్టుకుని, పెనుకొండలో బస్సు మారి, రొద్దం నుంచి వచ్చింది. అది అరవై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం. ఆమె భర్త గొర్రెలమందతో ఊళ్లు తిరుగుతాడు. తన తండ్రి తిమ్మప్ప వదిలిపోయిన చేనంతా ఆమే, మారెప్పా చూసుకుంటారు. ఇప్పుడు మారెప్ప ఎడమచెయ్యి పైకి లేవడం లేదు.

“నీ మంచికే కదప్పా,” అన్నాడు ఆదినారాయణ. “నీ పాత రకానికి సామాన్లు యాడా దొరకడంలేదు. ధర్మవరం రైల్వే షెడ్డులో కూడా అడిగి చూసినా. ఈపొద్దు చెయ్యి పోయింది, రేపు కాలు పోతాది. నీ తలలో ఉండేదంతా కొత్త తీగచుట్ట మీదికి ఎక్కించి, కొత్త ఒంట్లో పెడతా. నువ్వు నువ్వుగానే లేస్తావు.”

“లేసేది నేను కాదు. నా నకలు.”

“తేడా ఏముండాది?”

మారెప్ప పనిచేసే చేతిని ఎత్తి షెడ్డు మూలకు చూపించాడు. “అదిగో, ఆ తేడా ఉండాది.”

మూలన గోనెపట్టా మీద ఇంకో మరమనిషి కూర్చుని బోల్టులు ఏరుతున్నాడు. ముఖం అచ్చం మారెప్పదే. కానీ ఒక చెయ్యి ఇత్తడిది, ఇంకోటి ఇనుముది. దవడకు ఏదో లారీ రేకు అతికించారు.

“బావి తవ్వేటప్పుడు రాయి పడి నా తల చితికింది కదా,” అన్నాడు మారెప్ప. “నేను దక్కుతానో లేదోనని తిమ్మప్ప ఈడికి తెచ్చి నకలు తీయించినాడు. నేను బాగుపడితి. ఆ నకలు గతి చూడు! రిపేరు చేసేకొద్దీ ఒకటొకటే పోతా వచ్చింది. ముందు పాటలు పోయినాయి. ఆమీట ఊరి పేరు పోయింది. ఇప్పుడు తన పేరే తనకు తెలీదు.”

ఆదినారాయణ ఏదో అనబోయి, నాగక్క ముఖం చూసి ఊరుకున్నాడు.

మారెప్ప బల్ల దిగి మూలకు నడిచాడు. “ఏమబ్బా, నీ పేరేమి?”

మూలనున్నవాడు ఆలోచించాడు. “పేరు... ఉండె.”

“యా ఊరు నీది?”

వాడు చేతిలోని బోల్టును అటూ ఇటూ తిప్పాడు.

“ఈమె ఎవరో చెప్పు చూద్దాం.”

వాడు తలెత్తి నాగక్కను చూశాడు. మెడలో ఏదో కిర్రుమంది. ఏరుతున్న బోల్టు చేతిలోంచి జారిపోయింది.

“ఎండనపడి వచ్చినావు,” అన్నాడు మెల్లగా. “నీళ్లు తాగినావా, పాపా?”

నాగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చూసినావా అక్కా?” మారెప్ప గొంతు పెరిగింది. “ఇంత మనిషిని పట్టుకొని పాపా అంటాండాడు! కదిరి తేరుకు నిన్ను భుజాల మీద ఎత్తుకపోతి కదా, ఆడ జనంలో చెప్పు పోగొట్టుకొని నువ్వు ఏడ్చింది నాకు ఇప్పటికీ గుర్తుండాది. వీన్ని అడుగు, చెప్తాడేమో! నన్నూ ఇట్ల చెయ్యాలనా మీరు చూస్తాండేది?”

“చెయ్యకుంటే రెండు మూడేండ్లలో నిలిచిపోతావు,” అన్నాడు ఆదినారాయణ. “ఆమె చేను ఎవరు చూస్తారు?”

ఆ మాటకు మారెప్ప కాస్త తగ్గాడు. నాగక్కకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“నువ్వే చెప్పక్కా. నా ముఖం పెట్టుకొని, నేను కానోడు ఎవడో వచ్చి నీ ఇంట్లో తిరుగుతాంటే, నీ మనసు ఒప్పుకుంటాదా?”

నాగక్క చూపు మూలకు పోయి, తిరిగి మారెప్ప మీదికి వచ్చింది. “నా మనసు సంగతి వదిలెయ్. నీకేమి కావాల్నో చెప్పు,” అంది.

“నకలు వద్దు. అరిగిపోతే అరిగిపోతా. చెయ్యి లేకుంటే ఒంటిచేత్తో కలుపు తీస్తా. కాళ్లు పోతే గట్టున కూచొని పిట్టలు తోలతా. నిలిచిపోయిన పొద్దు నేనే నిలిచిపోవల్ల. నా పేరు పెట్టుకొని ఇంకొకడు లేసేది లేదు!”

ఆదినారాయణ విసుక్కున్నాడు. “మరమనిషిని ఒప్పుకుంటావా అని అడిగేదేముందమ్మా? వెనకాల స్విచ్చి ఆపితే సరిపోతాది.” అంటూ మారెప్ప వీపు మీద చెయ్యి వేశాడు.

నాగక్క ఆ చేతిని ఒడిసి పట్టుకుంది.

“తియ్యన్నా చెయ్యి. ఆపొద్దు మా నాయన అడగలేదు. నేను అడిగినా, వాడు చెప్పినాడు. వాడు వద్దంటే వద్దే.”

ఆదినారాయణ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మారెప్ప తలపాగా సర్దుకున్నాడు. ఎడమచెయ్యి వేలాడుతూనే ఉంది, నడకలో మాత్రం ఎక్కడా తడబాటు లేదు.

“బస్సులో సీటు పట్టింటా, బిరీన రా అక్కా,” అంటూ ఎండలోకి వెళ్లిపోయాడు. వీధిలో జనం పక్కకు తప్పుకున్నారు.

నాగక్క వెంటనే కదల్లేదు. కుండలో నీళ్లు గ్లాసుతో ముంచుకుని మూలకు వెళ్లింది. గోనెపట్టా మీద కూర్చుని, అక్కడున్నవాడి కళ్ల ముందే గ్లాసు ఖాళీ చేసింది. వాడు తృప్తిగా తలాడించి మళ్లీ బోల్టులు ఏరుకోసాగాడు.

ఆదినారాయణ మారెప్ప పోయిన వీధి వైపు చూస్తూ దగ్గరికి వచ్చాడు. అతని గొంతులో ఇందాకటి విసుగు లేదు.

“ఇన్నేండ్లయినా వానికి చెప్పలేదామ్మా?”

“ఎట్ల చెప్పేదన్నా?” నాగక్క మూలనున్నవాడి ఇత్తడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“అసలు మారెప్ప వీడని.”