దొంగతీగ

హాల్లో మనీప్లాంట్ తల ఎవరో కోసుకుపోయారు.

పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చిన సుభాషిణి గుమ్మంలోనే బిగుసుకుపోయింది. కిటికీ పక్క కుండీలోంచి లేచి, గోడ మేకుల మీదుగా పాకి, టీవీ పైనుంచి కిందికి వేలాడే తీగ అది. ఇప్పుడు దానికి కొస లేదు. కోసిన చోట ఇంకా తడి ఆరలేదు.

"ఏమండీ! కొంప మునిగింది, లేవండి!"

సాంబశివరావు లుంగీ బిగించుకుంటూ వచ్చాడు. నరసరావుపేటలో ఎరువుల కొట్టున్న మనిషి. కొట్లో ఆయనకు నోరుంది. ఇంట్లో లేదు.

"కొసేగదే. మళ్ళీ వస్తదిలే."

"కొస పోయాక ఇంకేం మిగిలింది? రొంపిచెర్లలో మా తోటికోడలు వంటింట్లో ఉన్నప్పుడు తుంచి కొంగులో దాచుకొచ్చిన తీగ ఇది. ఇదొచ్చాకేగా మీ కొట్టు రెండు షట్టర్లయింది?"

మనీప్లాంట్‌ని దొంగిలించి తెస్తేనే కలిసొస్తుందని, అడిగి తెచ్చుకుంటే పచ్చగా ఉంటుందే తప్ప పైసా రాలదని, ఆ వీధిలో నమ్మని ఇల్లు లేదు. అందుకే ప్రతి ఇల్లాలూ పక్కింటి తీగ మీద ఒక కన్ను, తన తీగ మీద ఒక కన్ను వేసి ఉంచుతుంది.

సుభాషిణి రెండు కళ్ళూ మేడమీదికి పోయాయి.

పైగదిలో హజ్రా బీ అద్దెకుంటోంది. ఒంటరి మనిషి, జాకెట్లు కుడుతుంది. సుభాషిణి కూతురి పురుటికని బెంగళూరు వెళ్ళినప్పుడు సాంబశివరావు సొంత నిర్ణయంతో చేసిన పని ఏదైనా ఉందంటే, ఆ గది ఆమెకివ్వడమే. సుభాషిణికి అప్పటినుంచీ కంటగింపు.

దడదడా మెట్లెక్కింది. వెనకే మొగుడు.

కిటికీలో గాజు సీసా. సీసా నీళ్ళలో లేత తీగ కొస.

"దొరికింది దొంగ!"

హజ్రా బీ కుట్టుమిషను ఆపింది. "ఏంది వదినా?"

"వదినేంది? ఎవరికి ఎవరు వదిన? ఓనరమ్మా అను. ఈ తీగ ఎక్కడిది?"

హజ్రా బీ సాంబశివరావు వంక చూసింది. ఆయన సెల్‌ఫోన్ తీసి, ఏదో కొంప మునిగే కబురు వచ్చినట్టు దాంట్లోకి తొంగిచూడసాగాడు.

"నేను అడక్కుండా ఎవరి వస్తువూ ముట్టను ఓనరమ్మా."

"నన్నడిగావా?"

"లేదు."

"మరి దానంతటదే మెట్లెక్కి వచ్చిందా? చెప్పవే!"

హజ్రా బీ తల వంచుకుంది.

"చూశారా, నోరు పెగిలితే ఒట్టు! ఇయ్యాల తీగ, రేపు బీరువా. జాకెట్టు గుడ్డలు ఎవరివెన్ని నొక్కేసిందో, అల్లాకే తెలియాల. సాయంత్రానికి గది ఖాళీ చెయ్!"

"సాయంత్రానికంటే యాడికి పోయేది?"

"చెయ్యి చాపేముందు అనుకోవాల ఆ ముక్క."

హజ్రా బీ మళ్ళీ సాంబశివరావు వైపు చూడలేదు. మిషను మీది గుడ్డను మడిచి పక్కన పెట్టింది.

మధ్యాహ్నం గేటు ముందు ఆటో ఆగింది. కుట్టుమిషను, ట్రంకుపెట్టె, చాప. అంతే సామాను. వీధిలో ఆడవాళ్ళు ఎవరి గేటు దగ్గర వాళ్ళు నిలబడి చూస్తున్నారు. జనం ఉన్నారని సుభాషిణికి హుషారొచ్చింది.

"ఆ పెట్టె తెరిచి చూపించి పో!"

హజ్రా బీ తెరిచింది. లోపల బట్టలు తప్ప ఇంకేమీ లేవు. మూత వేసి, "పోయొస్తానన్నా," అని సాంబశివరావుతో చెప్పి ఆటో ఎక్కింది. ఏ ఊరికో ఆమె చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

"పీడ విరగడైంది," అంటూ సుభాషిణి వచ్చి కుండీ ముందు చతికిలబడింది. "ఏమండీ, కొట్లోంచి గుప్పెడు యూరియా తెచ్చి దీని మొదట్లో వెయ్యండి. నాలుగు రోజుల్లో కొత్త చిగురేస్తది."

సాంబశివరావు తేలు కుట్టినట్టు ఎగిరిపడ్డాడు. "వద్దే! యూరియా మాత్రం వద్దే!"

"ఏం? ఊరందరికీ బస్తాలు బస్తాలు అమ్ముతారు, ఇంట్లో మొక్కకి గుప్పెడు వెయ్యడానికి చేతులు రావా?"

"వేసే చంపా."

"దేన్ని?"

సాంబశివరావు గోడకు ఆనుకున్నాడు. చాలా కాలం తరవాత ఆ ఇంట్లో ఆయన నోరు తెరుచుకుంది.

"నువ్వు తెచ్చిన తీగని. నువ్వు బెంగళూరులో ఉన్నప్పుడు, మిరపచేనుకి చల్లినట్టు చల్లా. మాడి మసైపోయింది. వచ్చి చూస్తే నన్ను బతకనిస్తావా? అప్పుడే పైన దిగిన హజ్రా బీ, కుండీతో సహా తెచ్చుకుని కిటికీ అంతా ఇదే తీగ పాకించింది. చానా ఏళ్ళుగా పెంచుకుందంట. సంగతి చెబితే, 'మొత్తం తీసుకుపో అన్నా' అంది. 'ఇస్తే మా ఆవిడకి పనికిరాదమ్మా, దొంగిలించాలంట' అని నేనన్నా. పడీ పడీ నవ్వింది. ఇయ్యాల తెల్లారకముందే కొస కోసి ఆమెకిచ్చింది కూడా నేనే. ఆ కిటికీ బోసిగా ఉంటే చూడలేకపోయా. దొంగని నేనే సుభా. ఆ రోజు ఆ తల్లి గోడవైపు తిరిగి కూర్చుని, 'కానియ్యన్నా, నేను చూడట్లా' అంటే, వేళ్ళతో సహా పీక్కొచ్చా."