మూడో చరణంలో కుక్కరు

“స్టూడియోల పాడిన. మాటలు గూడ నేనే రాసిన,” అంటూ మొయినాబాద్‌లోని తన కొత్తింటి గృహప్రవేశంలో స్వప్నిక సీడీ పెట్టింది.

“గొంతు నీ లెక్క లేదేందే?” అంది ఓ చుట్టం.

“మైకుల గట్లనే మారుతది.”

అది ఆమె వదిన అన్నపూర్ణ పాట. చేవెళ్లలో, వంటింటి పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని పాడి రికార్డు చేసుకున్న మంగళహారతి. “ఊకె ఇనుకుంట, ఇయ్యి వదినా” అని అడిగి తెచ్చుకుంది ఆడబిడ్డ. పోయినేడు బతుకమ్మ పాటనూ ఇట్లాగే తెచ్చుకుని తనదనిపించుకుంది.

అన్నపూర్ణ అందరికీ అక్షింతలు పంచింది.

మూడో చరణంలో, సీడీలోంచే, కుక్కరు కూసింది. వెనకాలే అత్తగారి కేక: “ఓ అన్నపూర్ణా! పాడింది సాలు, పప్పు దించు!”

ఇల్లంతా ఘొల్లుమంది. హారతి పళ్లెంతో నిలబడ్డ అత్తగారు కూతురి వంక చూసింది.

“గిది నా గొంతే గద బిడ్డా. నీ స్టూడియోకు నేనెప్పుడొచ్చిన?”

స్వప్నిక వదినను వంటింట్లోకి లాక్కుపోయింది. “ఆ కూత తీసెయ్యరాదా?”

“ఎప్పుడో తీసేసిన,” అంది అన్నపూర్ణ, పరమాన్నం కలుపుతూ. “నా సీడీల లేదు. నీకిచ్చిన దాంట్లనే మళ్ల అతికించిన.”