గల్లంతు

“ఆగే. మొలతాడుకి నీలిపూసేటి?” అంది లక్ష్మణమ్మ.

నీలవేణి ఫోన్లోంచి తలెత్తింది. వారపత్రికకు పంపే ముందు తను రాసిన సీరియల్ భాగం అత్తకు చదివి వినిపించడం అలవాటు. అత్తకు చదువు రాదు. చేపలమ్ముకుని వచ్చి, గంప కడిగి బోర్లించి, గుమ్మంలో కాళ్లు చాపుకుని వింటుంది.

“హీరోయిన్ కడతాది అత్తా. సూరి వేటకెళ్లే ముందు. తన దండలోంచి పూస తెంపి.”

“ఆ తరవాతేటి?”

“పడవెక్కేస్తాడు.”

లక్ష్మణమ్మ నడుముకు దోపుకున్న డబ్బుల సంచి సర్దుకుంది. నిద్రలో కూడా ఆ సంచి తియ్యదు, ఎవరి చేతికీ ఇవ్వదు.

“సరే, సదువు.”

చదవడం అయ్యాక భోజనాలకు కూర్చున్నారు. మనవరాలు గౌరి కంచం కాక లక్ష్మణమ్మ మూడు కంచాలు పెట్టింది. ఒకటి తనకు, ఒకటి కోడలికి, ఒకటి కొడుకు నాగబాబుకు. కొడుకు కంచంలో అన్నం వడ్డించి మూత పెట్టింది. గౌరి ఆ మూత మీద చెయ్యి వేసింది.

“ముట్టకే. అది మీ అయ్యది.”

సాయంత్రం ఆ అన్నంలో నీళ్లు పోస్తుంది. పొద్దున చద్దన్నం తనే తింటుంది. దండెం మీద నాగబాబు లుంగీ ఉంటుంది. దాన్ని కూడా ఆమే ఉతికి, మళ్లీ దండెం మీదే వేస్తుంది. కోడలి చేతి గాజు చిట్లితే ఆ రోజే కొత్తవి తొడిగిస్తుంది.

నాగబాబు ఫైలిన్ తుఫానుకు ముందు వేటకు వెళ్లాడు. పడవ చెక్క కూడా దొరకలేదు. తుఫాను వెలిశాక భావనపాడు దగ్గర ఒక శవం ఒడ్డుకు వచ్చింది. గౌరి అప్పటికి నీలవేణి కడుపులో ఉంది. కడుపుతో ఉన్నదాన్ని శవం దగ్గరకు రానివ్వరు. లక్ష్మణమ్మ ఒక్కతే వెళ్లింది. తిరిగొచ్చి, వాకిట్లోనే తల మీద నీళ్లు పోసుకుని, “మనోడు కాదే” అంది. ఆ పూట నుంచి మూడో కంచం పెడుతోంది.

గౌరి పుట్టాక పల్లె వదిలి శ్రీకాకుళం వచ్చేశారు. నీలవేణికి ఎచ్చెర్లలో, దినపత్రిక జిల్లా డెస్కులో ఉద్యోగం. పొద్దున గౌరికి జడ వేస్తూ సూరి మాటలు అనుకుంటుంది. మధ్యాహ్నం ఆటోలో వాటిని ఫోన్లో రాసుకుంటుంది. డెస్కులో కూర్చున్నాక ప్రమాదాలు, చోరీలు, కలెక్టర్ సమీక్షలు దిద్దుతుంది.

సూరి పడవెక్కిన కొన్ని వారాలకు, ఒక సాయంత్రం తీరం నుంచి విలేకరి కూర్మయ్య వార్త పంపాడు. ‘వేటకెళ్లిన మత్స్యకారుడి మృతి’. నీలవేణి ‘మృతి’ కొట్టేసి ‘గల్లంతు’ పెట్టింది. కూర్మయ్య ఫోన్ చేశాడు.

“ఏటమ్మా, మార్చీసినావట? వారం దాటిపోనాది. ఇంకెక్కడ బతికుంటాడు?”

“శవం దొరికిందా?”

“లేదు.”

“అయితే గల్లంతే.”

పక్క సీట్లోంచి డెస్కు ఇన్‌చార్జి జగన్నాధం అందుకున్నాడు. “కథల్లో ఎలాగూ ఎవుర్నీ సావనివ్వవు. వార్తల్లోనైనా సంపనియ్యమ్మా!”

నవ్వబోయి ఆపేశాడు. నాగబాబు సంగతి అతనికి తెలుసు. లేచి టీకి వెళ్లిపోయాడు.

టీ వేళకే వారపత్రిక సంపాదకుడు నరసింగరావు ఫోన్.

“సూరిని ఇంకా ఎన్నాళ్లు సముద్రంలో ఉంచుతారమ్మా? పాఠకులు అడుగుతున్నారు. వచ్చే భాగంతో ముగించండి. ఒడ్డుకు తేవడమో, చంపడమో.”

“చంపలేనండి.”

“హీరో మీద అంత ప్రేమా?”

“మా అత్తగారు వింటారండి. ఆవిడ తట్టుకోలేరు.”

“అయితే తెచ్చేయండి.”

సూరి చావు నీలవేణి ఎప్పుడో రాసింది. ఫోన్లోనే ఉంది. ఎవరికీ చదవలేదు. ఆ రాత్రి దాన్ని పక్కనబెట్టి కొత్త ముగింపు మొదలుపెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం లక్ష్మణమ్మ వంట ముగించి, కంచాలు పెట్టి, గుమ్మంలో కూర్చుంది. నీలవేణి చదివింది. పడవ ఒడ్డుకు తగిలింది. హీరోయిన్ ఇసకలో పరుగెత్తింది. సూరి దిగాడు. నడుముకు నీలిపూస అలాగే ఉంది.

“అయిపోనాదా?”

“అయిపోనాది.”

“వచ్చీసినాడా?”

“వచ్చీసినాడు అత్తా.”

“నువ్వు నమ్మే రాసినావేటే?”

నీలవేణి ఫోన్ కింద పెట్టింది. “నీకోసం రాసినాను. నువ్వింకా ఎదురు సూస్తన్నావని.”

“నాకోసమా?”

లక్ష్మణమ్మ కోడలి ముఖం కేసి చూసింది. గోడ పట్టుకుని లేచింది. దండెం మీద లుంగీ తీసి మడత పెట్టింది. మూడో కంచం మీద మూత తీసింది. అందులో అన్నం గౌరి కంచంలో వేసింది.

“అయ్యదే నానమ్మా!” అంది గౌరి.

“నువ్వు తినీ తల్లీ.”

కోడలి పక్కన వచ్చి కూర్చుంది.

“ఇంకోలా రాయే అమ్మీ. ఆడ్ని ఇంక పోనీ.”

నడుము దగ్గర సంచి తీసి నేల మీద బోర్లించింది. చిల్లరతో పాటు చిన్న గుడ్డమూట పడింది. విప్పి, లోపలున్నది కోడలి అరచేతిలో పెట్టింది. నల్లతాడు. ఉప్పు పట్టి బిరుసెక్కింది. ముడి విప్పి తీసినది కాదు, కత్తితో కోసినది. తాడుకు నీలిపూస ఉంది.

వేటకెళ్లే పొద్దున నాగబాబు నడుముకు నీలవేణి కట్టిన తాడది.