సర్వర్ ఇంకా బాగవలేదు

"నెల రోజులుగా ఒక్క ఆర్డరూ రాలేదు. మా మెయిల్ ఏం చేశారండీ?" మచిలీపట్నం నుంచి హాజిరా ఫోన్లో అరుస్తోంది.

గుడివాడలో కూర్చుని ఆమె కలంకారీ బట్టల వెబ్‌సైటు చూసుకునే జీవన్ కుమార్, పరీక్ష కోసం ఆమెకు ఒక మెయిల్ పంపాడు. క్షణంలో చేరింది. మెయిల్‌లో ఏ లోపమూ లేదు. నెలగా ఎవరూ రాయలేదు, అంతే.

ఆ మాట చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"సర్వర్ పాడైందండీ. రేపటికి బాగుచేస్తాను."

"విన్నావా నాన్నా, సర్వరేనట!" అంటూ ఆమె పెట్టేసింది.

ఐదు నిమిషాలకు మళ్లీ ఫోన్. ఈసారి గొంతు బాగా తగ్గించింది.

"మెయిల్ బాగానే ఉందని నాకు తెలుసండీ. నాన్న రోజూ అద్దకానికని గుడ్డ కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేస్తున్నాడు. అడిగేవాళ్లే లేరని తెలిస్తే మంచం దిగడు. రేపు కూడా బాగవలేదనే చెప్పండి."