మూడో బ్లోయర్

"మామయ్యా, ఈ బ్లోయర్ కూడా పట్టేస్తే మూడోది," అంది కోడలు, షెడ్డులో నిలబెట్టిన వ్యాను వెనక తలుపులు బార్లా తెరుస్తూ.

లోపల కార్పెట్లు కడిగే యంత్రం హోరుమంటోంది. ఇంజను తిప్పితే బ్లోయర్ తిరుగుతుంది. బ్లోయర్ తిరిగితే ఏ మేడ మీది కార్పెట్‌లోని మురికినీళ్లయినా గొట్టంలోంచి వ్యానులోకి వచ్చిపడతాయి. చెప్పడానికి ఇంతే. కానీ ఇంజను దూకుడు ఇంజనుది, బ్లోయర్ ఓపిక బ్లోయర్‌ది. రెంటినీ కలిపే బెల్టు, పుల్లీలు సరిగ్గా కుదిరితే ఏళ్ల తరబడి చక్కగా కాపురం చేస్తాయి. కుదరకపోతే బ్లోయర్ శక్తికి మించి తిరిగి, వేడెక్కి, లోపల తిరిగే రోటర్లు ఒకదాన్నొకటి కరుచుకుని బిగుసుకుపోతాయి.

ఈ వ్యానుకి అప్పుడే రెండు బ్లోయర్లు అలా పోయాయి. పాత ఇంజను తీసి పెద్దది ఎక్కించినప్పటి నుంచీ ఇదే గోల.

"మొదటిసారి బెల్టుది తప్పన్నారు. రెండోసారి నూనె చూసుకోలేదని నన్నే అన్నారు," అంది వ్యాను యజమానురాలు స్టూలు మీద కూర్చుని. "ఈసారీ ఇంతే అయితే బండి అమ్మేసి ఇంట్లో కూర్చోవడమే, మేస్త్రిగారూ. ఇప్పటికే సగం మంది వేరేవాళ్లను పిలుచుకుంటున్నారు."

మేస్త్రి బ్లోయర్ మూత మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఆ పనివాళ్లలో ఆయన్ని 'చెవి మేస్త్రి' అంటారు. ఇంజను మోత విని, దానికి ఏ పుల్లీ వెయ్యాలో చెప్పేవాడు. మీటర్లూ గీటర్లూ ఎరగడు. కన్నకొడుక్కి పానా పట్టుకోవడం చేతకాలేదు గానీ, కోడలికి అక్షరం దిద్దించినట్టు పని నేర్పింది ఆయనే. ఆయనకు ఎదురు చెప్పాలంటే ఆమెకు ప్రాణసంకటం. అయినా ఈవేళ ఏదో ఒకటి తేల్చుకోవాలని పొద్దున్నే గట్టిగా అనుకుని వచ్చింది.

"బెల్టు వదులుగా ఉంది చూడండి, మామయ్యా."

"వదలనమ్మా, ఎందుకు వదులుతాను? దీని అంతు చూస్తాను."

యజమానురాలు ఫక్కున నవ్వింది. కోడలు నవ్వలేదు. ఇంజను ఆపి, బెల్టు తనే బిగించింది. మళ్లీ స్టార్టు చేసి అడిగింది.

"ఈసారి మీటరు పెట్టి చూద్దామా?"

"లీటరేం సరిపోతుంది? పొద్దున్నే రెండు పోశాను."

మాట దాటెయ్యడంలో ఆయన తర్వాతే ఎవరైనా. మీటరు ఊసెత్తితే చాలు, నూనె అంటాడు, నీళ్లు అంటాడు, వాతావరణం అంటాడు. కోడలు ఇంజను ఆపేసి, అల్మారాలోంచి అట్టపెట్టె తెచ్చి ఆయన కళ్ల ముందు పెట్టింది. వేగం కొలిచే మీటరు. ఎప్పుడో కొన్నది, కవరు కూడా విప్పలేదు.

మేస్త్రి ముఖం మాడిపోయింది.

"నా చెవి ఉండగా ఆ డబ్బా ఎందుకు? అది ఈ షెడ్డులో ఉంటే నేనుండను."

"మీ చెవి మీద నమ్మకం లేక కాదు, మామయ్యా..."

"మరి?"

కోడలు ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కో మాటా ఒత్తి చెప్పింది. "పందెం వేసుకుందాం. యంత్రాన్ని ముట్టుకోకూడదు, చూడకూడదు. అటు తిరిగి నిలబడి, జోడీ కుదిరిందో లేదో ఉట్టి చెవితో చెప్పండి. మీరు గెలిస్తే ఈ డబ్బా చెత్తబుట్టలో పారేస్తాను. నేను గెలిస్తే, ఇకమీదట మీటరు పెట్టకుండా ఏ బండీ ఈ గడప దాటదు."

"అమ్మాయ్, గురువుతోనే పందెమా!"

"మీరు నేర్పిన మొండితనమే."

ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. విసవిసా గేటు దాకా నడిచి, వీధి వైపు తిరిగి, చేతులు కట్టుకున్నాడు.

కోడలు వ్యానెక్కింది. బ్లోయర్ పుల్లీ విప్పి, దాని వేగం తగ్గేలా పెద్ద పుల్లీ బిగించింది. బోల్టులు ఒక్కొక్కటే పట్టుగా తిప్పింది. ఇంజను స్టార్టు చేసింది. షెడ్డు రేకులు అదిరాయి. ఆయన వీపు వైపు చూసింది. ఇది చెయ్యకపోతే షెడ్డు నిలవదు. చేస్తే ఈ మనిషి ఏమైపోతాడో తెలియదు. కళ్లు మూసుకుని, అనుకున్నంత పనీ చేసింది.

"ఆఁ, అలాగే!" అటు నుంచి మేస్త్రి చెయ్యెత్తి అరిచాడు. "ఇంకొంచెం పెంచు... ఇంకొంచెం... చాలు! అక్కడే ఉంచు!"

యజమానురాలు స్టూలు మీంచి లేచి, ఏదో అనబోయింది. కోడలు పెదాల మీద వేలు పెట్టి, వద్దంది. వ్యాను దిగి, మెల్లగా నడిచి, ఆయన ముందుకు వెళ్లింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆ ముఖంలో అంత ప్రశాంతత చూసి ఎన్నాళ్లయిందో. మోచెయ్యి తాకితే కళ్లు తెరిచాడు.

"ఎలా ఉంది, మామయ్యా?"

"ఎలా ఉండటమేంటి, వెన్నపూసలా ఉంది!" హోరులో మాట్లాడుతున్నట్టు గొంతు చించుకుని చెప్పాడు. "ఇంజనూ బ్లోయరూ ఒక్క గొంతుతో పాడుతున్నాయి. జోడీ అంటే ఇదీ! నీకు వినబడటం లేదూ?"

కోడలి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. పాపం, ఎంత సంబరపడిపోతున్నాడు! అయినా వెనక్కి తగ్గలేదు.

"ఓడిపోయానని ఒప్పుకో మరి!" అన్నాడు మేస్త్రి, మీసం దువ్వుకుంటూ.

ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, వ్యాను వైపు తిప్పింది.

ఇంజను ఆమె ఎప్పుడో ఆపేసింది.